కొర్రమీను ప్రయాణం

పిల్లలూ! నీళ్లలో మునిగి చచ్చిపోయే చేప ఒకటి ఉన్నదంటే మీరు నమ్ముతారా? మా మనవడు కూడా నమ్మలేదు. నమ్మించటానికి వాణ్ణి వెంటపెట్టుకొని తెనాలి నుంచి రేపల్లెకూ, రేపల్లె నుంచి బాపట్లకూ తిరగవలసి వచ్చింది.

దీనికంతకూ మూలం ఒక ఫొటో. నా దగ్గర చదువుకున్న బాపట్ల కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. మార్గశిరమాసం మొదట్లో ఒక ఆదివారం పొద్దున వాడు నా ఫోనుకు ఆ ఫొటో పంపాడు. లేక్ ఫోర్క్ అనే సరస్సు మీద పడవలో నిలబడి, మందపాటి ఉన్నికోటు వేసుకొని, రెండు చేతులా ఒక చేపను ఎత్తి పట్టుకొని నవ్వుతున్నాడు. చేప నోరు ఎంత వెడల్పంటే మా మనవడి పిడికిలి అందులో సులభంగా పడుతుంది. దాని పేరు లార్జ్‌మౌత్ బాస్. పెద్దనోటి బాస్ అన్నమాట. 1992లో అదే సరస్సులో ఎనిమిది కిలోలు దాటిన బాస్ ఒకటి గాలానికి పడిందట.

ఫొటో కింద వాడు ఇలా రాశాడు: "మాస్టారూ, ఇక్కడ చలి మొదలైంది. నీళ్లు చల్లబడితే ఈ చేపకు బద్ధకం వస్తుంది. లోతుకు పోయి కదలకుండా ఉంటుంది. పొద్దుటినుంచీ కూర్చుంటే ఇదొక్కటే పడింది. కొలిచి చూసి వదిలేశాను."

"వదిలేశాడా! పట్టింది వదలటానికా తాతయ్యా?" అన్నాడు మా మనవడు.

నేను అదే మాట అడిగాను. వాడు జవాబు రాశాడు. ఆ సరస్సులో బాస్ చేప 16 అంగుళాలకూ 24 అంగుళాలకూ మధ్య ఉంటే ఇంటికి తీసుకుపోకూడదట. వెంటనే నీళ్లలో వదలాలట. అంతకన్న చిన్నవి కొన్ని పట్టుకుపోవచ్చు. మరీ పెద్దది రోజుకు ఒక్కటి. ఆ మధ్య కొలత చేపలు బతికి ఇంకా పెద్దవి కావాలి గదా! అందుకని ఈ కట్టుబాటు.

"మనకు అటువంటి చేప లేదా తాతయ్యా?"

"లేకేం? మన కొర్రమీను లేదూ!"

రెండూ ఒక కుటుంబం కావు. కాని గుణాలు చూస్తే అన్నదమ్ములనే అనాలి. రెండింటికీ పెద్ద నోరే. రెండూ నాచు చాటున నక్కి ఉండి, అటు వచ్చిన కప్పనో చిన్నచేపనో ఒక్క ఉరుకున పట్టేస్తాయి. పిల్లలను కనిపెట్టుకొని కాపలా కాసే గుణమూ రెండింటికీ ఉన్నది. బాస్ మగచేప తోకతో అడుగునున్న మట్టిని ఊడ్చి పళ్లెం లాంటి గూడు చేస్తుంది. ఆడచేప అందులో గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. గుడ్లు పొదిగి పిల్లలయ్యే దాకా మగచేప అక్కడే కాపలా ఉంటుంది. కొర్రమీను సంగతి తరువాత చెబుతాను. ఆ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం. తెనాలి వాళ్లకు కాలువ చూడటానికి ప్రయాణం అక్కరలేదు. ఊరి మధ్యనుంచే మూడు కాలువలు పోతున్నాయి. ఇవన్నీ కృష్ణ నీళ్లే. 1833 ప్రాంతాల గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చి లక్షలమంది చచ్చిపోయారు. ఆ తరువాతనే బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అది 1855లో పూర్తి అయింది. ఆ ఆనకట్ట బలహీనపడిన మీదట కట్టినదే 1957 నాటి ప్రకాశం బారేజీ. మనం తినే అన్నానికీ, నేను చెప్పబోయే చేపకూ కూడా ఆ నీళ్లే ఆధారం.

అయితే కొర్రమీనుకు పెద్ద కాలువకంటె మురుగు కాలువ అంటేనే ఇష్టం. మురుగు అంటే ఊరి మురికి అనుకునేరు! పొలాల్లో ఎక్కువైన నీటిని సముద్రానికి తీసుకుపోయే కాలువలవి. వాటిలో నీరు మెల్లగా పోతుంది. తుంగా, నాచూ దట్టంగా పెరుగుతాయి. దాక్కోవటానికి అంతకంటె మంచి చోటు ఏముంటుంది?

రేపల్లె బండి ఎక్కాం. 1916లో వేసిన రైలుదారి ఇది. 34 కిలోమీటర్ల చిన్న దారి. రేపల్లెతో ఆఖరు. మా మనవడికి కిటికీ దగ్గర చోటు దొరికింది. వేమూరు దాటేసరికి మంచు విడిచింది. కొన్ని చేలు కోతకు వచ్చి పచ్చగా వాలి ఉన్నాయి. కొన్నిచోట్ల పనలు పరిచారు, కొన్నిచోట్ల కుప్పలు వేశారు. ఒక చేలో మనిషి ఇంకా కోయని వరిలోనే నడుస్తూ ఏవో గింజలు చల్లుతున్నాడు.

"పైరుండగానే విత్తుతున్నాడేమిటి తాతయ్యా?"

"అవి మినుములు. రెండు మూడు రోజుల్లో వరి కోసేస్తాడు. నేలలో ఉన్న ఆ తడితోనే మినుము మొలుస్తుంది. మళ్లీ దున్నవలసిన పని లేదు."

మా సీమ రైతుల తెలివి అది. పిల్లలూ, చేపల కథకూ దీనికీ సంబంధం ఉన్నది. వానాకాలంలో చేలనిండా నీళ్లుంటాయి గదా. కొర్రమీనులు కాలువల్లోనుంచి చేలలోకి ఎక్కి, అక్కడ పురుగులనూ కప్పలనూ తిని బలుస్తాయి. కోతలకు ముందు రైతులు గట్లు తెగ్గొట్టి నీళ్లు తీసేస్తారు. నీటితోపాటు చేపలూ దిగి మురుగు కాలువల్లోకి వచ్చి చేరతాయి. అందుచేత మాకు చలికాలం మొదలే కొర్రమీనుల కాలం.

భట్టిప్రోలు వచ్చింది. ఇక్కడి బౌద్ధస్తూపంలో 1892లో దొరికిన రాతిభరిణెల మీద రెండువేల ఏళ్లకు పైబడిన రాతలున్నాయి. దిగి చూడాలని నాకు ఉబలాటం. మా మనవడి ధ్యాస చేపమీదనే ఉన్నది. ఇంకొకసారి చూద్దామనుకున్నాను. మాస్టర్ల మాటకు ఇంట్లో పాటి విలువ ఇంతే!

రేపల్లెలో దిగి ఆటోలో ఊరు దాటి ఒక మురుగు కాలువ గట్టుకు చేరాం. నాకు తెలిసిన పెద్దాయన ఒకడు అక్కడ మాకోసం కాచుకొని ఉన్నాడు. చిన్నప్పటినుంచీ చేపలు పట్టి బతికినవాడు. వెదురుకర్ర, గట్టి తాడు, గాలం. ఇంతే అతని సామాను. గాలానికి ఎరగా చిన్న కప్పను గుచ్చాడు. మా మనవడు ముఖం తిప్పుకున్నాడు. పెద్దాయన నవ్వి, "కొర్రమీను చచ్చినదాన్ని ముట్టదు బాబూ, కదిలేదే దానికి కావాలి," అన్నాడు.

కప్పను నాచు పక్కన నీటిమీద మెల్లమెల్లగా ఆడిస్తూ కూర్చున్నాం. గంట గడిచింది. కొంగలు వచ్చి వాలాయి, పోయాయి. అంతలో తుంగ మొదట్లో "బుడుంగు" మని చప్పుడైంది. నీటిమీద ఒక సుడి, ఒక బుడగ.

"అదుగో, ఊపిరి తీసుకున్నది!" అన్నాను.

మామూలు చేపలు నీళ్లలో కరిగివున్న ప్రాణవాయువును మొప్పలతో పీల్చుకుంటాయి. కొర్రమీనుకు మొప్పలున్నా అవి చాలవు. మొప్పలకు పైగా, తలలో, దానికి చిన్న గది వంటిది ఉన్నది. ఆ గది గోడలనిండా సన్నని రక్తనాళాలుంటాయి. కొర్రమీను నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ గదిలో నింపుకొని మళ్లీ మునుగుతుంది. ఏ వలలోనో చిక్కుకొని పైకి రాలేకపోయిందా, నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. పైగా ఒళ్లు తడిగా ఉంటే గట్టుమీద గంటల తరబడి బతుకుతుంది. కుంట ఎండిపోతే బురదలో దూరి కాలం గడుపుతుంది. తడినేల మీద పాకుతూ మరొక కుంటకు పోతుంది కూడాను.

మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు మా మనవడికి నా చిన్ననాటి సంగతి చెప్పాను.

నాకప్పుడు పదేళ్లు. మాది వేమూరుకు దగ్గరి పల్లె. భాద్రపదమాసంలో ఒకనాడు చెరువు ఒడ్డున నీళ్లలో నారింజపండు రంగు మచ్చ ఒకటి కదులుతూ కనబడింది. తేరిపార చూస్తే వందలకొద్దీ చేపపిల్లలు! చీమలంత ఉన్నాయి. ఒక బంతిలాగా కూడుకొని, ఒక్కసారే పైకి వచ్చి గాలి మింగి, ఒక్కసారే మునుగుతున్నాయి. కొర్రమీను పిల్లలు చిన్నతనంలో ఆ రంగులో ఉంటాయి. వాటి కింద నల్లని పెద్దచేప ఒకటి నీడలాగా తిరుగుతున్నది. నేను పరుగున పోయి గాలం తెచ్చి, కప్పను ఆ పిల్లల మధ్యన వేశాను. పెద్దచేప ఆకలై పట్టిందో, పిల్లల జోలికి వచ్చిందన్న కోపంతో పట్టిందో! వెయ్యగానే పట్టింది. నేను గట్టుమీదికి లాగేశాను.

ఉబ్బిపోతూ మా తాతకు చూపించాను. ఆయన తిట్టలేదు. "ఎక్కడ పట్టావురా?" అని అడిగి, నన్ను మళ్లీ అక్కడికే తీసుకుపోయి, "ఇక్కడ కూర్చో. నేను పిలిచేదాకా లేవొద్దు," అన్నాడు.

కూర్చున్నాను. పిల్లలు ఇంకా బంతిగానే ఉన్నాయి. కాసేపటికి ఒక మట్టగిడస వచ్చింది. బంతి చెదిరింది. ఇంకొకటి వచ్చింది. తరువాత లకుముకిపిట్ట ఒకటి కొమ్మమీద చేరింది. చెదిరిన పిల్లలు మళ్లీ కూడుకోవాలని చూసేవి, మళ్లీ చెదిరేవి. నేను రాళ్లు విసిరాను. రాళ్లకు ఆ పిల్లలే ఇంకా బెదిరాయి. మధ్యాహ్నం మా తాత పిలిచేసరికి ఆ నారింజ మచ్చ అరచేయంత కూడా లేదు. ఆ పూట ఇంట్లో పులుసు వండారు. నాకు సహించలేదు.

అదే తాత కోతల కాలంలో తనే నన్ను పిలిచి, "గాలం తీసుకురారా, ఇప్పుడు పోదాం," అన్నాడు.

ఇది చెబుతూండగానే కర్ర వంగింది! పెద్దాయన, మా మనవడు ఇద్దరూ పట్టుకొని లాగారు. నాచులోకి లాక్కుపోవాలని చేప చూసింది. తాడు కోసుకొని మా మనవడి అరచెయ్యి ఎర్రబడింది. వదలలేదు. ఆఖరుకు గట్టుమీద పడింది నల్లని కొర్రమీను. పాము తల, పెద్ద నోరు. మా మనవడు దాన్ని కొలవమని పట్టుబట్టాడు. నా చేతితో సరిగ్గా రెండు జానలు.

వాడి ముఖం చిన్నబోయింది. "రెండు జానలంటే 18 అంగుళాలు గదా తాతయ్యా. అమెరికాలో అయితే వదిలెయ్యాలి. మనం వదిలేద్దామా?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. పెద్దాయనే అన్నాడు: "ఇప్పుడు దీనికి పిల్లలు లేవు బాబూ. వానల్లోనే పెంచేసింది. ఈ నీళ్లూ తగ్గిపోతాయి. పట్టొద్దన్న రోజుల్లో మేం పట్టం. మా బాధ గాలంతో కాదు. రాత్రిళ్లు వచ్చి నీళ్లలో కరెంటు పెట్టి పోతున్నారు. గుడ్డు లేదు, పిల్ల లేదు, కప్ప లేదు, అన్నీ పోతున్నాయి. చేలల్లో కొట్టే మందు కూడా ఇక్కడికే దిగుతుంది. ఇదివరకు ఈపాటికి నాలుగు పడేవి."

మా మనవడు చాలాసేపు ఆ చేపనే చూశాడు. తరువాత, "తీసుకుపోదాం," అన్నాడు. ఆ మాట వాడే అనాలని నేను ఊరుకున్నాను.

మూతి వెడల్పు డబ్బాలో నాలుగు వేళ్ల నీళ్లు పోసి, చేపను అందులో ఉంచి పైన తడిగుడ్డ కట్టాం. నిండా నీళ్లు పోసి మూత బిగిస్తే దానికి ఊపిరాడదు గదా! చెరుకుపల్లి మీదుగా పోయే బాపట్ల బస్సు ఎక్కాం. ఆ దారిలో పోయినప్పుడల్లా నాకు 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. ఆనాటి ఉప్పెన దివిసీమను ముంచటమే కాదు, రేపల్లె, బాపట్ల వైపు పల్లెలను కూడా నాశనం చేసింది. చలికాలం మొదలంటే మాకు తుఫానుల భయం కూడాను. అంతలో డబ్బాలో చేప ఎగిరిపడితే పక్కనున్న ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. కండక్టరు తడిగుడ్డ ఎత్తి చూసి, "దీనికి హాఫ్ టిక్కెట్టా, ఫుల్ టిక్కెట్టా మాస్టారూ?" అన్నాడు.

బాపట్లలో సరాసరి మా శిష్యుడి అమ్మగారి ఇంటికి పోయాం. చేప ఇంకా బతికే ఉన్నది. ఆమె బూడిద రాసి రాతిమీద తోమి జిగురు పోగొట్టి, చింతపండు పులుసు పెట్టింది. కొర్రమీనులో ముళ్లు తక్కువ. పిల్లలకు భయం లేకుండా పెట్టవచ్చు.

"మా వాడు పట్టి వదిలేస్తాడటండీ మాస్టారూ! అంత దూరం పోయి నేర్చుకున్నది ఇదా?" అని నవ్వింది ఆమె. మా మనవడు ఆ కొలతల సంగతి, గూడు సంగతి, నారింజరంగు పిల్లల సంగతి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె గరిటె పట్టుకొని అలాగే వింటూ నిలబడింది.

చేపను పట్టిన ఫొటో టెక్సాస్‌కు పంపాం. అక్కడ ఇంకా తెల్లవారుజాము. అయినా వెంటనే జవాబు వచ్చింది: "ఎన్ని అంగుళాలు?"

"రెండు జానలు. తాతయ్య జానలు," అని రాశాడు మా మనవడు.

"ఒక ముక్క నాకు దాచమని అమ్మతో చెప్పు."

మా మనవడు తలెత్తి గిన్నె వంక చూశాడు. పులుసు అడుగంటా అయిపోయింది. ఆ మాట ఎలా రాయాలో వాడికి తోచలేదు. అంతలో మా రైలు వేళ అయింది.