రావణుడికీ అదే దీపం!

హిందూపురం స్టేషన్లో ధర్మవరం వైపు వెళ్ళే బండి ఎక్కాను. ఎదురు సీట్లో ఓ కాలేజీ కుర్రాడు ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని బొమ్మ గీస్తున్నాడు. ఒళ్ళంతా చారలు, మండే కళ్ళు... ఎవరీ మహానుభావుడని తొంగిచూశాను.

"అకాజా అన్నా. విలన్!" అన్నాడు గర్వంగా.

2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో కూడా విడుదలైన జపాను యానిమే చిత్రం 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' చూసినవారికి ఈ అకాజా పరిచయమే. మనుషుల్ని తినే రాక్షసుడు. కానీ ఒకప్పుడు జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన కొడుకు. పెళ్ళాడవలసిన పిల్లనూ, గురువునూ విషప్రయోగంలో పోగొట్టుకున్నవాడు. పేజీ తిప్పితే 'నరుటో'లోని ఇటాచీ. సొంత వంశాన్నే చంపి, తమ్ముణ్ణి మాత్రం బతికించుకుని, లోకం దృష్టిలో ద్రోహిగా మిగిలినవాడు. చూపు మసకబారుతున్నా నోరు విప్పని అలసిన వీరుడు. పుస్తకం నిండా ఇలాంటివాళ్ళే!

"మాయమ్మ తిడతాంటాదన్నా. రాముణ్ణో కృష్ణుణ్ణో గీయరాదా, ఈ రాచ్చసులెందుకు అంటాది. నిజంగానే తప్పాన్నా?"

నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. కానీ వాడి ముఖం చూస్తే నవ్వు రాలేదు. "నువ్వు బండెక్కిన ఊరి సంగతి చెబుతా విను" అన్నాను.

హిందూపురం 1985, 1989, 1994 ఎన్నికల్లో గెలిపించిన ఎమ్మెల్యే ఎన్టీఆర్. రాముడిగా, కృష్ణుడిగా ఇళ్ళల్లో పటాలకెక్కిన ఆ మనిషే 1958లో 'భూకైలాస్' రావణుడు. 1961లో 'సీతారామ కల్యాణం'కి తానే దర్శకత్వం వహించి, తన కోసం అట్టిపెట్టుకున్నదీ రావణ పాత్రనే! 1977లో 'దానవీరశూర కర్ణ'లో కృష్ణుడితోపాటు దుర్యోధనుడూ, కర్ణుడూ ఆయనే. ఒకడు విలన్, ఇంకొకడు అలసిన హీరో.

ఇక పక్కనే ఉన్న లేపాక్షి చూడండి. రావణుడితో పోరాడి రెక్కలు తెగిన జటాయువు పడింది అక్కడేనని స్థలపురాణం. ఓడిపోయిన పక్షి మీదే ఊరి పేరు! గుడి కట్టించిన విరూపణ్ణ, ఖజానా సొమ్ము వాడాడన్న అపవాదు భరించలేక తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడట. ఆ ఎర్రమరకలివేనంటూ నేటికీ చూపిస్తారు. కల్యాణ మంటపం అసంపూర్తిగానే నిలిచిపోయింది.

మాటల్లోనే పెనుకొండ వచ్చింది. 1565 యుద్ధంలో ఓడి, హంపీ పాడయ్యాక విజయనగర ప్రభువులు చేరుకున్న రాజధాని ఇదే. రాయలు కళ్ళు తీయించాడని చెప్పుకునే తిమ్మరుసు సమాధి కూడా ఇక్కడే ఉందంటారు. 1962 నాటి 'మహామంత్రి తిమ్మరుసు'లో రాయలు ఎన్టీఆరే. అయినా నా మనసులో మిగిలిపోయింది మాత్రం మంత్రి వేషం వేసిన గుమ్మడి.

"ఇటాచీ మాదిరే కదన్నా!" అన్నాడు కుర్రాడు, కొండ వైపే చూస్తూ.

ధర్మవరం పట్టుచీరల ఊరని అందరికీ తెలుసు. మేమిద్దరం మాత్రం ఆ మండలంలోనే ఉన్న నిమ్మలకుంటకు బయల్దేరాం. తోలుబొమ్మల ఊరది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు శుభ్రంచేసి, ఆరబెట్టి, బొమ్మ గీసి, సన్నని చిల్లులు కొట్టి రంగులద్దుతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. తెల్లవార్లూ ఆటలాడిన రోజులు పోయి, ఇప్పుడు లాంప్‌షేడ్లు కూడా చేసి బతుకుతున్నారు.

రావణుడి బొమ్మ ముందు మావాడు కదల్లేదు. పది తలలు, పది కిరీటాలు... ఎంత ఓపికుండాలి! రాముడికీ, ఇతడికీ తోలు ఒకటే, వెనక దీపమూ ఒకటే. ఆట చివర రావణుడు చావాల్సిందే. కానీ ఆ చావు మన గుండెకు తగలాలంటే బొమ్మని ప్రేమగా చెయ్యాలి కదా! విలన్ని ఇష్టంగా గీయడమంటే వాడి పాపాన్ని మెచ్చుకోవడం కాదు. వాడి వెనక కూడా దీపం పెట్టి చూడటం.

కుర్రాడు పుస్తకం తెరిచి మొదటి తల మొదలుపెట్టాడు.

"ఇది మాయమ్మకు చూపిస్తా."

"మరి రాముణ్ణి?"

"గీస్తాలే అన్నా... ఈ పది తలలూ అయినాంక!"