మట్టిలో పడిన ముచ్చె



మా కోటగిరి ప్రాంతమున చెరకు నాటు రైతు గింజలు చల్లడు. ఎదిగిన గడను ముచ్చెలుగా నరికి, సాలులో పరచి, మట్టి కప్పును. ముచ్చె మట్టిలో కుళ్ళిపోవును. దాని కణుపునందలి కన్ను మొలకెత్తును. కోత ముగిసిన పిమ్మట తోట మోడువారి శ్మశానమువలె కనబడును. అయినను నీరు కట్టినయెడల ఆ మోళ్ళనుండియే మరల పిలకలు లేచును. యోహాను సువార్త 12వ అధ్యాయములో ప్రభువు గోధుమగింజను గూర్చి చెప్పిన మాట మన రైతులకు తెలియుటకు గొప్ప పండితుడు అక్కరలేదు.

అయితే పొలములో సులభముగా తెలిసిన సంగతి, ఇంటిలో మృతదేహమున్నప్పుడు సులభముగా తెలియదు. ఒకమారు మా సంఘములో భూస్థాపన జరిగిన మూడవ దినమున కొందరము ప్రార్థన నిమిత్తము ఆ యింటికి పోతిమి. చనిపోయినవాడు ఏండ్ల తరబడి చెరకు నరికిన కూలి. అతని భార్య ఏడ్పు ఆపుకొని, మాతో వచ్చిన గురువుగారిని, "అయ్యగారూ, మా ఆయన ఎవ్వల పొలమో దున్నిండు, ఎవ్వల చెరుకో నరికిండు. గింత కష్టపడ్డదానికి ఏం మిగిలింది?" అని అడిగెను. అందరము ఊరకుంటిమి. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. ప్రతి సమాధియొద్దను మన అందరి మనస్సులలోను ఉన్నదే.

నరుని పనిలో ఏమి మిగులును? మన ప్రాంతమునే చూడుడి. మంజీర నదిపై నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియాయెను. ఆ కాలువల నీటివలన బోధన్ ప్రాంతము చెరకుసీమయై, శక్కర్‌నగర్‌లో పెద్ద చక్కెర కర్మాగారము లేచెను. అది శాశ్వతమని తలచినవారెందరో! 2015లో అది మూతపడెను. రాజులు కట్టించినవే నిలువనప్పుడు, కూలివాని చెమట ఎక్కడ నిలుచును?

అయినను మన జిల్లాలోనే మరియొక సాక్ష్యము కలదు. ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1875లో స్కాట్లాండులో జన్మించెను. మిషనరీయైన తన భర్త జార్జి కెర్‌తో ఆమె 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. కుష్ఠరోగులను ఊరివారు వెలివేయు కాలమది. నర్సాగౌడ్ అను హైందవ దాత ధనసహాయము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో వారికొరకు ఆసుపత్రి వెలసెను. ఆనాడు రోగులకు దొరికిన మందు ఒక చెట్టుగింజల నూనెను సూదితో ఎక్కించుటయే. 1932లో ఆమె కన్నుమూసెను. ఈ రోగముపై బాగుగా పనిచేయు సల్ఫోను మందులు 1940వ దశకములో గాని రాలేదు. అనేక మందులు కలిపి యిచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసెను. నేడు కుష్ఠు పూర్తిగా నయమగు రోగము. ఆ పంటను ఆమె కన్నులార చూడలేదు. విత్తువాడొకడు, కోయువాడు మరియొకడు.

ఇది గొప్పవారికే చెల్లునని తలంపవద్దు. ఆ కూలి సోదరుడు ప్రతి ఆదివారము తెల్లవారకమునుపే వచ్చి గుడి ఊడ్చి చాపలు పరచెడివాడు. ఆ చాపలమీద కూర్చుండియే మేము జీవవాక్యము వింటిమి. దానిని ఎవరును పుస్తకములో వ్రాయలేదు, దేవుడు మరువలేదు.

మరియొక మాట. మనము విడిచిపోవు పనియే మన నిరీక్షణకు ఆధారమైనయెడల, పొత్తిళ్ళలోనే చనిపోయిన పసిబిడ్డకు నిరీక్షణ ఎక్కడిది? మంచమునపడి ఏమియు చేయలేని ముసలితల్లికి ఎక్కడిది? మన ఆధారము మన పని కాదు, సమాధిని గెలిచి లేచిన క్రీస్తే. ఆయన లేచెను గనుకనే మన పని వ్యర్థము కాదని పౌలు కొరింథీయులకు వ్రాసెను. మొదట పునరుత్థానము, ఆ పిమ్మట ప్రయాసము. ఈ వరుసను తారుమారు చేయకుడి.

కాబట్టి మరణమునకు సిద్ధపడుట చివరి దినమున చేయు పని కాదు. ముచ్చె ఒక్కసారి నాటబడును. విశ్వాసి దినదినము నాటబడవలెను. గర్వము ఒకనాడు, పగ ఒకనాడు, ధనాశ ఒకనాడు మట్టిలో కప్పబడవలెను. అన్నదమ్ములతో గట్టు తగవున్నయెడల నేడే సమాధానపడుడి. మీ ఊరిలో చావు జరిగిన ఇంటికి మూడుదినములతో రాకపోకలు మానకుడి. నాలుగవ నెలలో పొయ్యి వెలుగుచున్నదో లేదో చూచి రండి. దినముల భోజనముల నిమిత్తము విధవరాలు అప్పులపాలు కాకుండ సంఘమే అడ్డుపడవలెను. "ఏం మిగిలింది?" అను ఆమె ప్రశ్నకు మన నోటికంటె మన చేతులే ముందుగా ఉత్తరము చెప్పవలెను.

మనలను మట్టిలో విడువక లేపువాడైన ప్రభువు, ఆయన పిలుచువరకు మనలను ఫలభరితులనుగా చేయును గాక. ఆమేన్.