అలసట

చికిత్స ముగిసిన పదోనాడు మా అమ్మ మొక్కు తీర్చడానికని నన్ను ఏడుపాయలకు తీసుకుపోయింది. మంజీర ఏడు పాయలుగా చీలి పారే చోట, రాళ్ల నడుమ వనదుర్గ గుడి. నూరడుగులు నడిచానో లేదో కాళ్లు మొండికేశాయి. అమ్మ లోపలికి వెళ్లింది. నేను వొడ్డున బండమీద కూలబడ్డాను. నమ్మకం లేనిదాన్ని గనుక గుడి బయట కూర్చోవడం నాకు కొత్తగాదు. కాని ఆనాడు నన్ను కూర్చోబెట్టింది హేతువాదం కాదు, అలసట.

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స అయినాక హైదరాబాదులో పదిహేను రోజుల రేడియేషన్, వారానికి అయిదు చొప్పున మూడు వారాలు. మన జనం దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. కిరణం తగిలినట్టే తెలియదు. రెండోవారం నుంచి చర్మం ఎండకు కమిలినట్టు ఎర్రబడింది. చెయ్యి తలపైకెత్తి పడుకోవడంతో భుజం పీకేది. వదులైన నూలు రవికె, డాక్టరు చెప్పిన నొప్పిమాత్ర, గోడమీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తే అభ్యాసం, వీటితో నొప్పికి ఏదో దారి దొరికింది. నల్లబల్ల పైఅంచుదాకా చెయ్యి లేచిననాడు పండగే.

అలసట సంగతి వేరు. కిరణాలు చుట్టూవున్న మంచి కణాలను కూడా కొంత గాయపరుస్తాయి. వాటిని బాగుచేసుకొనే పని దేహానిది. అది రోజురోజుకూ పేరుకొని, చికిత్స అయినాక కూడా వారాల తరబడి వుంటుంది. నిద్రతో తీరదు. రోజూ కాస్త నడిస్తే తగ్గుతుందన్నారు, కొంత తగ్గింది. ధైర్యంగా వుండమని మిత్రులన్నారు. ధైర్యం తక్కువై అలసిపోలేదని వాళ్లకు చెప్పే వోపిక కూడా లేకపోయింది.

ఆసుపత్రి బల్లమీద నా పక్కన రామాయంపేట బీడీ కార్మికురాలు కూర్చునేది. 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ వల్ల ఆమెకు వైద్యం ఉచితం. అది చిన్న సంగతి కాదు. “కరెంటుకు పైసల్ దీస్కుంటలేరు చెల్లె. మరి నేను పండుకుంటె నా బీడీలెవలు చేస్తరు?” అంది. నాకు జీతంతో సెలవుంది. ఆమెకు వెయ్యి బీడీలకింతని కూలి. చెయ్యనినాడు అదీ లేదు. జబ్బు ఇద్దరికీ ఒకటే, విశ్రాంతి ఒకటి కాదు.

మన అభ్యుదయ సాహిత్యం శ్రమను కీర్తించింది, చెమటకు గౌరవం తెచ్చింది. అలసటను మాత్రం సోమరితనం పక్కన కూర్చోబెట్టాం. పదేళ్లుగా క్లాసులో నేనూ అలాగే పాఠం చెప్పాను. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోరింది విశ్రాంతి కోసం కూడా గదా! వైద్యం ఉచితమైతే చాలదు. కోలుకొనే రోజులకు కూలి ఇవ్వడం కూడా చికిత్సలో భాగమే.

అమ్మ వచ్చి నుదుట కుంకుమ పెట్టి, “లే బిడ్డా, పోదాం” అంది.

“ఇంకాసేపు కూసుంటనమ్మా” అన్నాను. సిగ్గుపడకుండా ఆ మాట అనడం అదే మొదలు.