మదనపల్లె గాలి, మా అమ్మాయి ఆఫీసు

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసే కూతురో, కోడలో మీకూ ఉందా? ఉంటే మే నెలలో ఆ పిల్ల పడే అవస్థ నేను వేరే చెప్పక్కర్లేదు. మాది తిరుపతి. 2020లో కరోనా వచ్చి బెంగుళూరు ఆఫీసుకి తాళం పడితే, మా చిన్నమ్మాయి చంటిపిల్లతో మా ఇంటికి వచ్చేసింది. మేడమీది గదిలో బల్ల వేసిచ్చాం. నలభై దాటే ఎండ, ఉడికిపోయే మిద్దె, పైగా ఉక్క! మూడయ్యేసరికి తలకి తడిగుడ్డ కట్టుకుని ఫోనులో మాట్లాడేది పాపం. 2021 నవంబరు వానలకి ఊళ్ళో వీధులు చెరువులైనప్పుడు అదీ లేదు, కరెంటే లేదు. "అమ్మా, బెంగుళూరికే పోతానే" అంది. మనవరాలు లేని ఇల్లు తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

మా వదినె మదనపల్లెలో ఉంది. "ఇక్కడ ఒక ఏడాది ఉండి చూడమనండి" అంది. 2022 జూన్‌లో సామాను కట్టాం.

భాకరాపేట కనుమ దాటి, పీలేరు మీదుగా పోతుంటే గాలి మారడం మీకే తెలుస్తుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. తిరుపతికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ, అంతే. కానీ గాలి పొడి. చెమట ఇట్టే ఆరుతుంది, పొద్దు గూకితే చల్లబడుతుంది. క్షయకి మందుల్లేని రోజుల్లో మంచి గాలీ, విశ్రాంతీ, తిండే వైద్యం కదండీ. అందుకే ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ ఆస్పత్రి వెలిసింది. రవీంద్రుడు 1919లో ఇక్కడికొచ్చినప్పుడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు, ఈదురుగాలి, అప్పుడో చినుకు. మా అమ్మాయికి ఇదే మంచి కాలం. కిటికీ తెరిస్తే ఫ్యానే అక్కర్లేదు. అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో. డిసెంబరు, జనవరిలో తెల్లవారితే స్వెట్టరు కావాలి. ఇడ్లీపిండి పొంగదు, పెరుగు తోడుకోదు. గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి, తోడుకుంటుంది. పాప బుగ్గలు పగిలితే రాత్రిపూట కొబ్బరినూనె రాశాం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎండే, ఊటీ అనుకుని పోకండి. ఆదివారం మాత్రం హార్సిలీ కొండ ఎక్కేవాళ్ళం. దాన్ని అక్కడివాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఎత్తు 1,200 మీటర్ల పైచిలుకు, సాయంత్రం శాలువా తీసుకుపోవాల్సిందే.

తలనొప్పి తగ్గింది. నేనెగిరి గంతేశాను, నీళ్ళ సంగతి మరిచి. గాలి పొడిగా ఉండే సీమలో భూమీ పొడిగానే ఉంటుంది మరి! ఏప్రిల్‌లో అద్దింటి బోరు ఎండిపోయింది. వారానికి రెండు ట్యాంకర్లు. పొద్దున మీటింగు, అదే టైముకి ట్యాంకరు హారను. పాపని చంకనెత్తుకుని పైపు పట్టుకున్న పిల్లని చూసి, "పోనీ, బెంగుళూరికే పోరాదా" అని నేనే అన్నాను.

అది పోలేదు. ఆ వీధిలోనే ఇంకో ఇల్లు చూసుకుంది. ఈసారి గాలీ వెలుతురూ తర్వాత, ముందు బోరెంత లోతు, మే నెలలో నీళ్ళుంటాయా అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళని అడిగి మరీ చేరింది. మిద్దెమీది వాననీళ్ళు బోరు పక్కన గుంతలోకి దిగేలా ఇంటివాళ్ళు పైపు వేశారు. ఏటా మా ఇంటి వడియాలు ఇప్పుడు ఆ మిద్దెమీదే పెడుతున్నాం. రెండు రోజుల్లో గలగలలాడతాయి.