తడి గరిటె

"జావా పాస్ బై వేల్యూనా, పాస్ బై రిఫరెన్సా?" అని ఇంటర్వ్యూలో అడిగితే, "ప్రిమిటివ్స్ వేల్యూ, ఆబ్జెక్ట్స్ రిఫరెన్స్" అని టక్కున చెప్పేస్తారు చాలామంది. నిజానికి జావాలో అంతా వేల్యూనే. కాకపోతే ఆబ్జెక్టు విషయంలో ఆ వేల్యూ అంటే ఆబ్జెక్టు ఉన్న చిరునామా. చిరునామాకి జిరాక్సు తీసి ఇచ్చినా వెళ్ళేది అదే ఇంటికి కదా!

ఇందులో చిక్కు ఆవకాయ జాడీ లాంటిది. పక్కింటావిడకి గిన్నెలో కాస్త పెట్టిస్తే ఆవిడ ఏం చేసుకున్నా మనకి బాధ లేదు. జాడీయే చేతికిచ్చామనుకోండి, తడి గరిటె పెట్టినా ఆ రోజు ఏమీ తెలీదు. పది రోజులకి బూజు పట్టాక, పెట్టిందెవరో ఎలా తేలుతుంది?

నేను చూసిన కేసు ఒకటి చెప్తాను. ఒక పేరోల్ ప్రాజెక్టులో ఉద్యోగుల లిస్టు ఒకటి, బ్యాంకు ఖాతాల లిస్టు ఒకటి, రెండూ ఒకే వరసలో ఉండేవి. (అలా పెట్టడమే తప్పంటారా? నిజమే. పాత కోడు మనం అడిగి తెచ్చుకునేది కాదుగా :)) ఎక్కువ జీతమున్న పదిమందిని చూపించే రిపోర్టు కొత్తగా చేర్చారు. దాని లోపల కలెక్షన్స్ డాట్ సార్ట్ అని ఒక్క లైను. అది కొత్త లిస్టు ఇవ్వదు, మనం ఇచ్చిన లిస్టులోనే వరస మార్చేస్తుంది. ఆ తర్వాత తయారైన బ్యాంకు ఫైలులో ఒకరి జీతం ఇంకొకరి ఖాతాకి ఎక్కింది. టెస్టు డేటాలో ఉన్న ఐదుగురూ ముందే జీతం తగ్గే వరసలో ఉన్నారు, కాబట్టి టెస్టులన్నీ పాస్! ఫైలు బ్యాంకుకి వెళ్ళేముందు అకౌంట్స్ సెక్షన్లో ఒకాయనకి డైరెక్టరు జీతం పక్కన తన ఖాతా నంబరు కనపడింది. మంచివాడు, వెంటనే ఆపించాడు.

మూడు రోజులు బ్యాంకు ఫైలు కోడునే జల్లెడ పట్టారు. పాపం, అందులో ఏ తప్పూ లేదు. 'గెట్' అని పేరున్న మెథడ్ లిస్టుని మార్చేస్తుందని ఎవరనుకుంటారు?

"పారామీటరుకి ఫైనల్ పెడితే పోయేది" అన్నాడొక సీనియర్. పోదు. ఆ వేరియబుల్‌కి వేరే లిస్టుని అంటగట్టకుండా ఆపుతుందంతే, లోపల కెలకడాన్ని ఆపదు. సీ ప్లస్ ప్లస్‌లో అయితే కాన్స్ట్ రిఫరెన్స్ అని రాస్తే, మార్చబోయిన చోట కంపైలరే ఒప్పుకోదు. జావాకి ఆ భాగ్యం లేదు.

అలాగని ప్రతి కాల్‌కీ లక్ష రికార్డులు కాపీ చేస్తూ కూర్చోలేం. అన్‌మాడిఫయబుల్ లిస్టుగా చుట్టి ఇస్తే, కెలికిన చోటే రన్‌టైములో ఎక్సెప్షన్ వస్తుంది. అక్కడ ఇప్పుడు అదే చేస్తున్నారు. లిస్టు లోపలున్న ఉద్యోగి ఆబ్జెక్టులకి మాత్రం అది కూడా కాపలా కాయదు. సెట్ శాలరీ అని ఎవరైనా పిలిస్తే కిక్కురుమనదు.