మా నాయన మోటరు, నా ప్రింట్ఎఫ్

మాది గాండ్లపెంట, కదిరి దగ్గర. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాయనకి బోరు మోటరు కోసం ఒక పెట్టె తయారుచేశా. లోపల ఏటిమెగా8 చిప్పు, పక్కన జీఎస్ఎం మోడెమ్. ఫోను చేస్తే మోటరు ఆన్ అవుతుంది, ఓల్టేజి ఎంతుందో ఎస్ఎమ్మెస్ వస్తుంది. ఆ చిప్పులో ప్రోగ్రాముకి 8 కేబీ, ర్యామ్ 1 కేబీ. జావా రాసుకునే మనకి అది నవ్వొచ్చే సైజు.

మొదటి మెసేజిలో ఓల్టేజి బదులు ప్రశ్నార్థకం వచ్చింది. ఏవీఆర్-లిబ్‌సీలో మామూలు ప్రింట్ఎఫ్‌కి ఫ్లోటు రాదు, చోటు ఆదా కోసం తీసేశారు. కావాలంటే పెద్ద ప్రింట్ఎఫ్‌ని లింకు చేసుకోవాలి. చేశా. 415.3 అని ముద్దుగా వచ్చింది, కానీ కోడు 8 కేబీ దాటిపోయింది. ఏదో ఒకటి తీసెయ్యాలి. నేను తీసిందేమిటో తెలుసా? నీళ్ళు లేకుండా తిరిగితే మోటరుని ఆపే చెక్! తర్వాత పెడదాంలే అనుకుని బెంగుళూరు బస్సెక్కా.

మార్చిలో బోరు ఎండింది. మోటరు రాత్రంతా ఉత్తినే తిరిగి వైండింగు కాలిపోయింది. రీవైండింగు అయి వచ్చేలోపు చెనిక్కాయ చేను వాడిపోయింది. నాయన తిట్టలేదు. "కరెంటు ఎంతుండాదో బాగా చెప్తాండాది రా, నీళ్ళు లేవని మాత్రం చెప్పల్యా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఈసారి ప్రింట్ఎఫ్‌ని మొత్తం పీకేశా. ఓల్టేజిని పదో వంతుల్లో పూర్ణాంకంగా ఉంచుకుంటే, 4153లో చివరి అంకె ముందు చుక్క పెడితే సరి. ఏవీఆర్‌కి భాగహారం ఇన్‌స్ట్రక్షనే లేదు, లైబ్రరీ రొటీను లూపు తిప్పి చేస్తుంది. అది కూడా ఎందుకని 1000 ఎన్నిసార్లు పోతుందో, 100 ఎన్నిసార్లు పోతుందో తీసేస్తూ అంకెలు రాబట్టా. సగటుకి 64 రీడింగులు: ఒక్కోటి మహా అయితే 1023, మొత్తం 65472, పదహారు బిట్లలో సరిగ్గా ఇమిడింది. ఆరు బిట్లు కుడికి జరిపితే సగటు. (ఆ 64 దొరికినప్పుడు ఆఫీసులో ప్రమోషన్ వచ్చినంత సంబరపడ్డా.) మెసేజీల్లోని మాటలన్నీ ర్యామ్‌లోకి కాపీ అవుతున్నాయని కూడా అప్పుడే చూశా. వాటిని ఫ్లాష్‌లోనే ఉంచేశా.

నీళ్ళందకపోతే మోటరు లాగే ఆంపియర్లు పడిపోతాయి. ఆ చెక్ మళ్ళీ పెట్టాక కూడా వెయ్యి బైట్లు పైనే మిగిలాయి. ఇప్పటి ఏఆర్ఎం చిప్పుల్లో న్యూలిబ్-నానో వాడేవాళ్ళకీ ఇదే కథ: ఫ్లోటు ప్రింట్ఎఫ్ అడిగితేనే వస్తుంది. అడిగేముందు మ్యాప్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి.

నాయన మాత్రం ఆ ఎస్ఎమ్మెస్‌లు చదవడు. చేలోకి పోయి పైపు మీద చెయ్యి పెట్టి చూసుకుంటాడు.