వాడరేవు గవ్వలూ, మా ఇంటి అమెజాన్ చేపలూ

వాడరేవు మాకు కొత్త కాదు. తెనాలిలో పొద్దున్నే రైలెక్కితే నిడుబ్రోలు, బాపట్ల దాటగానే చీరాల. అక్కణ్ణుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో సముద్రం. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా లైట్‌హౌస్ అక్కడే ఉంది, ఎండుచేపల వాసనా అలాగే ఉంది. ఎప్పుడూ స్నానాలకని వెళ్ళేవాళ్ళం, ఈసారి మాత్రం మా చిన్నాడి చేతిలో రెండు ఖాళీ సంచులున్నాయి. ఒకటి ఇసక్కి, ఒకటి గవ్వలకి. వాడి చేపల తొట్టిని అలంకరించాలిట!

ఆ తొట్టి భాగోతం ముందు చెప్పాలి. కిందటేడు వాడి పుట్టినరోజుకి మా వారు మూడడుగుల గాజు తొట్టి కొనిపెట్టారు. నూట అరవై లీటర్ల నీళ్ళు పడతాయి. కొట్టతను నాలుగు ఏంజెల్ చేపలూ, డజను నియాన్ టెట్రాలూ ఇచ్చి, "అన్నీ దక్షిణ అమెరికావేనమ్మా, ఒకే ఏటివి, కలిసిపోతాయి" అన్నాడు. బొట్టుబిళ్ళంత ఏంజెల్ చేపలు, నీలం గీతతో మెరిసే నియాన్‌లు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేవో!

నాలుగైదు నెలలకి నియాన్‌ల లెక్క తగ్గడం మొదలెట్టింది. పన్నెండు తొమ్మిదయ్యాయి, తొమ్మిది ఆరయ్యాయి. మా అత్తయ్యగారు పిల్లిని అనుమానించారు. ఒకరోజు రాత్రి మంచినీళ్ళకని లేచి లైటు వేస్తే, పెద్ద ఏంజెల్ నోట్లోంచి ఎర్రటి తోక బయటికి వేలాడుతోంది. నాకు కడుపులో తిప్పేసింది. పొద్దున్న వాడికెలా చెప్పాలో తెలీక ఇడ్లీ పిండి రుబ్బుతూ కూచున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే తప్పు ఏంజెల్‌ది కాదు. అది సిక్లిడ్ జాతి చేప. అమెజాన్‌లోనూ దానికి అలాంటి చిన్న చేపలు ఆహారమేనట. ఒకే ఏటివి కాబట్టి కలిసుంటాయనుకోవడం, ఒకే వీధిలో ఉన్నాయని పిల్లినీ ఎలకనీ ఒక గదిలో పెట్టడంలాంటిది.

దీనికి తోడు మా ఆడపడుచు కొడుకు ప్రేమగా ఒక ఆస్కార్ పిల్లని తెచ్చి అందులోనే వదిలాడు. అదీ సిక్లిడ్డే. అప్పుడు వేలెడుంది. ఎదిగితే అడుగు దాకా అవుతుంది, దానికొక్కదానికే మూడొందల లీటర్ల తొట్టి కావాలి. మేం వాడరేవు వెళ్ళేనాటికి అరచేతికి మించి పెరిగి, ఏంజెల్ చేపల్ని మూలకి తోసేస్తోంది. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని ఇంట్లో రోజూ పంచాయితీయే.

మేం వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకొచ్చాయి. వలల్లోంచి చేపలు దులిపి ఆడవాళ్ళు బుట్టల్లోకి ఏరుతున్నారు. కానాగర్తలు ఒక పోగు, రొయ్యలు ఒక పోగు, పీతలు మాత్రం దూరంగా వేరే బుట్టలో. చందువని చూసి మావాడు "అమ్మా, మన ఏంజెల్!" అని అరిచాడు. నిజమే, అదే పలకల ఒళ్ళు. కానీ ఇది సముద్రపు చేప, చుట్టరికమేమీ లేదు. అసలు చుట్టాలు మన ఉప్పుటేర్లలో ఉన్నాయి. కేరళవాళ్ళు కరిమీన్ అని 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది సిక్లిడ్డే. మన తూర్పు తీరంలోనూ దొరుకుతుంది. మనదేశంలో పుట్టిన సిక్లిడ్‌లు మొత్తం మూడే రకాలు. చెరువుల్లో పెంచే తిలాపియా కూడా ఆ కుటుంబమే, కాకపోతే ఆఫ్రికా నుంచి వచ్చింది.

రొయ్యలు ఏరుతున్నామె మావాడి సంచీ చూసి, "గవ్వలెందుకు బాబూ?" అంది. తొట్టి సంగతి చెప్పాను. "మంచినీళ్ళ చేపలకి సంద్రం గవ్వలెందుకమ్మా?" అని నవ్వింది. "పీతల్ని ఎందుకు విడిగా పెట్టావక్కా?" అంటే, "కలిపితే రొయ్యల్ని నుజ్జు చేస్తయ్యి. ఏది దేన్ని తింటదో దాని నోరు చూస్తే తెలవదా?" అంది. కొట్టతను చెప్పాల్సిన మాట ఈవిడ చెప్పింది!

గవ్వల సంగతి అక్కడే తేల్చుకున్నాం. చేపల వేపుడుతో ఇచ్చిన నిమ్మచెక్కని, రాయితో నలగ్గొట్టిన గవ్వ మీద పిండాను. బుసబుసా చిన్న బుడగలొచ్చాయి. అంటే అందులో సున్నం ఉన్నట్టే. అది నీళ్ళలో కరిగి నీళ్ళని చవ్వగా, క్షారంగా చేస్తుంది. ఆఫ్రికా మలావీ సరస్సు సిక్లిడ్‌లకి ఆ నీళ్ళు ఇష్టం, అమెజాన్ చేపలకి మెత్తటి నీళ్ళు కావాలి. అందుకే ఆ రెంటినీ కూడా కలపకూడదు. సముద్రపు ఇసకలోనూ గవ్వపొడి, ఉప్పు ఉంటాయి. మీ తొట్టిలో వేసే రాయి ఏదైనా ముందు నిమ్మరసమో వెనిగరో చుక్క వేసి చూడండి. మావాడి మొహం మాడిపోయింది. ఇసక సంచి నిండా రాలిన ఎండు బాదం ఆకులు ఏరుకొచ్చాం. కడిగి రెండు మూడు వేస్తే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. ఆ చేపలకి అలా ఉంటేనే హాయి.

ఇంటికొచ్చాక ఆస్కార్ పంచాయితీ. పక్కింటాయన "కాలవలో వదిలెయ్యండి, పుణ్యం" అన్నారు. నేను ససేమిరా అన్నాను. ఇలా తొట్టి కడిగే సక్కర్ చేపల్ని వదలబట్టే అవి మన చెరువుల్లోనూ కాలవల్లోనూ పెరిగి, వలలు చింపుతూ దెయ్యం చేపలనిపించుకుంటున్నాయి. రెండు వారాలు తిరిగి, అయిదడుగుల తొట్టి ఉన్న గుంటూరు మేష్టారొకరికి ఇచ్చాం. మిగిలిన నియాన్‌లు పక్కవీధి అమ్మాయి చిన్న తొట్టికి వెళ్ళాయి.

ఏంజెల్‌లకి తోడుగా ఇప్పుడు ఎనిమిది లెమన్ టెట్రాలున్నాయి. ఇవి నియాన్ కన్నా ఒళ్ళు వెడల్పు, నోట్లో పట్టవు. అడుగున ఆరు కోరిడోరస్‌లు. ఇవి గుంపుగానే ఉండాలి. ఆస్కార్ ఉండగా మాత్రం వీటిని తేకూడదు, మింగబోతే రెక్కముళ్ళు గొంతులో గుచ్చుకుని రెండూ చస్తాయి. టైగర్ బార్బ్‌లు అందంగా ఉన్నా వద్దన్నాను, ఏంజెల్ పొడుగు రెక్కల్ని కొరుకుతాయి. గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్ళు కావాలి, వీటికి 26 నుంచి 28 డిగ్రీలు. ఫ్లవర్‌హార్న్ అయితే ఎవరితోనూ పొసగని మనిషి. కొత్తవాటిని రెండు వారాలు విడిగా ఉంచి చూసుకున్నాకే కలిపాం.

గవ్వలు మా అత్తయ్యగారి తులసికోట చుట్టూ చేరాయి. అంతా సర్దుకుందనుకుంటే, నిన్న ఒక ఏంజెల్ జంట ఫిల్టరు గొట్టానికి గుడ్లు పెట్టింది. ఇక చూడండి, తక్కిన చేపలన్నిటినీ ఒక మూలకి తరిమేసి కాపలా కాస్తున్నాయి. ఇంకో తొట్టి కావాలని మా చిన్నాడు పొద్దుటి నుంచీ గొడవ. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని వినపడనట్టు కూచున్నారు.